మొదటిసారి క్రూజ్ ఎక్కుతున్నాం: బుకింగ్ నుంచి దిగేదాకా ఏమేం తెలిసుండాలి?

#1 కొత్తకెరటం
అందరికీ నమస్కారం. ఏడు రాత్రుల క్రూజ్‌కి వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, ఎనిమిదేళ్ళ పాప, డెబ్భై దాటిన అత్తయ్య. మాలో ఎవరూ ఇంతవరకు ఓడ ఎక్కలేదు. మధ్యలో నాలుగు పోర్టులు, రెండు రోజులు పూర్తిగా సముద్రం మీదే. ప్రకటనల్లో ఈతకొలనులూ బఫేలూ తప్ప ఇంకేమీ కనబడటం లేదు. ఏ క్యాబిన్ తీసుకోవాలి, కడుపులో తిప్పుతుందా, టికెట్‌లో ఏది కలిసి ఉంటుంది, ఏది ఉండదు, ఎక్కేరోజు ఏం జరుగుతుంది? ఒక పోర్టు పక్కన "టెండర్" అని రాశారు, అదేమిటో కూడా చెప్పండి.

#2 లంగరు
ముందు క్యాబిన్ సంగతి చూద్దామండీ. ఓడ నిండిపోయాక మార్చుకోవడం దాదాపు కుదరదు.

రకాలు నాలుగు. కిటికీ లేని ఇన్‌సైడ్, తెరుచుకోని కిటికీ ఉన్న ఓషన్‌వ్యూ, బాల్కనీ, సూట్. ఇన్‌సైడ్ గది సాధారణంగా 14 నుంచి 17 చదరపు మీటర్లు, బాత్‌రూమ్‌తో కలిపి. నలుగురికీ ఒకే గది అంటే మూడో, నాలుగో పడకలు గోడలోంచో పైకప్పులోంచో దిగుతాయి. నిచ్చెన ఎక్కి పడుకోవాలి. మీకైతే మధ్యలో తలుపు ఉన్న రెండు పక్కపక్క క్యాబిన్లు నయం. వీటిని కనెక్టింగ్ క్యాబిన్లు అంటారు. ఇవి తక్కువే ఉంటాయి, ముందే అయిపోతాయి.

రకం కన్నా చోటు ముఖ్యం. కంపెనీ సైట్‌లో డెక్ ప్లాన్ తెరిచి, మీ గది పైన ఏముందో, కింద ఏముందో చూడండి. పైన ఈతకొలను ఉంటే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు మొదలవుతుంది. కింద థియేటరు ఉంటే అర్ధరాత్రి దాకా డ్రమ్ముల మోత. ఓడ ముందు కొసన కింది డెక్‌లో గది తీసుకుంటే, రేవులోకి వచ్చే వేళ ఓడను పక్కకు నెట్టే థ్రస్టర్ల హోరుకి నిద్ర లేస్తారు. అది చాలాసార్లు ఉదయం ఐదు, ఆరు గంటలకే. పైనా కిందా క్యాబిన్లే ఉన్న డెక్ ఎంచుకుంటే మొదటి రెండూ తప్పుతాయి. ప్లాన్‌లో పేరు లేని ఖాళీ తెల్లచోటు మీ గది పక్కనుంటే అది సిబ్బంది పనిచోటు కావచ్చు, బండ్ల చప్పుడు ఉంటుంది.

పెద్ద ఓడలు 300 మీటర్లు దాటి పొడవుంటాయి. అత్తయ్యగారి కోసం లిఫ్ట్‌కి దగ్గరగా చూడండి. అలాగని లిఫ్ట్‌ను ఆనుకుని వద్దు, నాలుగైదు గదులు అవతల చాలు.

"గ్యారంటీ" అనే చౌక టికెట్ కనబడుతుంది. అందులో మీకు ఖాయమయ్యేది రకం మాత్రమే, గది నంబరు కంపెనీ ఇస్తుంది. రెండు గదులు రెండు వేర్వేరు డెక్‌లలో పడవచ్చు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు దాని జోలికి పోవద్దు.

#3 తూర్పుగాలి
ఊపు గురించి. ఓడ రెండు రకాలుగా కదులుతుంది. ఒకటి పక్కలకు ఒరగడం, రెండోది ముందూ వెనకా లేచి పడటం. నీటి అడుగున రెండు పక్కలా రెక్కల్లా ఉండే స్టెబిలైజర్లు మొదటిదాన్ని చాలావరకు అణుస్తాయి. రెండోదాన్ని ఏమీ చేయలేవు. అందుకే ఓడ పొడవుకి మధ్యలో, నీటి మట్టానికి దగ్గరగా ఉన్న గదుల్లో కదలిక తక్కువ. పైకి వెళ్ళేకొద్దీ ఒరగడం ఎక్కువగా తెలుస్తుంది, కొసలకు వెళ్ళేకొద్దీ లేచి పడటం. పై డెక్ ముందు కొసన ఈ రెండూ కలుస్తాయి, ఖరీదేమో అక్కడే ఎక్కువ.

బాల్కనీ మాటకొస్తే లంగరు గారు తటస్థంగా వదిలేశారు గానీ, నా ఓటు బాల్కనీకే. కడుపులో తిప్పినప్పుడు దిగంతం కళ్ళకు కనబడటం, చల్లగాలి తగలడం అన్నిటికంటే త్వరగా పనిచేస్తాయి. కిటికీ లేని గదిలో ఆ రెండూ దొరకవు.

#4 లంగరు
దిగంతం చూడటానికి బాల్కనీ కొనక్కర్లేదు, బయటి డెక్ అందరిదీ. పోర్టులు నాలుగున్న ప్రయాణంలో గదిలో ఉండేది నిద్రకే. బాల్కనీ బదులు మధ్య డెక్‌లో ఓషన్‌వ్యూ తీసుకుంటే డబ్బు మిగులుతుంది. ఎక్కువ రోజులు సముద్రం మీదే గడిచే ప్రయాణమైతే మాత్రం బాల్కనీకే నా ఓటు కూడా.

ఓషన్‌వ్యూ కొనేటప్పుడు "అబ్‌స్ట్రక్టెడ్" అనే మాట ఉందేమో చూడండి. కిటికీ ముందు లైఫ్‌బోటు వేలాడుతుందని అర్థం.

#5 మందులడబ్బా
మందులు వికారం మొదలయ్యాక వేసుకుంటే సగం కూడా పనిచేయవు. అందరూ చేసే పొరపాటు ఇదే. డైమెన్‌హైడ్రినేట్, మెక్లిజిన్ లాంటి మాత్రలు ఓడ కదలడానికి గంట ముందు పడాలి. వాంతులు మొదలైతే మాత్ర కడుపులో నిలవదు, అప్పుడు ఓడలోని మెడికల్ సెంటర్‌లో ఇంజెక్షనే గతి. రెండు మాత్రలూ మగత తెస్తాయి, మద్యంతో కలిస్తే మరీను.

చెవి వెనక అంటించే స్కోపోలమైన్ ప్యాచ్ మూడు రోజులు పనిచేస్తుంది, కనీసం నాలుగు గంటల ముందు అంటించాలి. ముట్టుకున్న చేత్తో కన్ను నలిపితే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది, కాబట్టి అంటించగానే సబ్బుతో చెయ్యి కడగాలి. పిల్లలకు ఇది వద్దు. పెద్దవయసు వాళ్ళలో అయోమయం, మూత్రం ఆగిపోవడం లాంటివి తేవచ్చు, గ్లాకోమా అనే కంటి జబ్బులో ఒక రకం ఉంటే ప్రమాదమే. మీ అత్తయ్యగారికి డాక్టర్ని అడగకుండా ఇది అంటించకండి. పాపకు ఏ మందు, ఎంత అనేది బరువును బట్టి పిల్లల డాక్టరే చెప్పాలి.

మందు కాని జాగ్రత్తలు: ఖాళీ కడుపుతో ఉండకండి, కడుపు నిండా కూడా వద్దు. ఊపు ఉన్నప్పుడు ఫోను, పుస్తకం పక్కన పెట్టండి. అల్లం కొందరికి ఉపశమనం ఇస్తుంది. దిగాక ఒకటి రెండు రోజులు నేల ఊగుతున్నట్టు అనిపించడం మామూలే.

ఇంకోటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఓడల్లో వ్యాపించే నోరోవైరస్‌కు ఆల్కహాల్ శానిటైజర్ పెద్దగా లొంగదు. బఫే గుమ్మం దగ్గర శానిటైజర్ రాసుకున్నాం కదా అని ఊరుకోకుండా, తినే ముందు, టాయిలెట్‌కి వెళ్ళాక సబ్బుతో 20 సెకన్లు కడగండి. విరేచనాలు, వాంతులు మొదలైతే దాచకుండా మెడికల్ సెంటర్‌కు ఫోన్ చేయండి. గదిలోనే ఉండమంటారు, నిజమే. దాచి తిరిగితే మీ ఇంట్లోవాళ్ళకే ముందు అంటుతుంది.

#6 కొత్తకెరటం
చాలా థాంక్స్ అండీ. మెడికల్ సెంటర్ ఉచితమేనా? కాగితాల విషయంలో ఏం చూసుకోవాలి?

#7 మందులడబ్బా
ఉచితం కాదండీ. ప్రతిదానికీ బిల్లు పడుతుంది, మీ ఆరోగ్య బీమా అక్కడ చాలాసార్లు పనిచేయదు. డబ్బు ముందు కట్టి తర్వాత రాబట్టుకోవాలి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు క్రూజ్ కవర్ అవుతుందా, సముద్రం మీదనుంచి హెలికాప్టర్‌లోనో పడవలోనో ఆసుపత్రికి తరలించే ఖర్చు ఉందా, పాత జబ్బులు కలుస్తాయా అనే మూడూ చదవండి. పాత జబ్బులు చెప్పకుండా తీసుకున్న పాలసీ అవసరానికి అక్కరకు రాదు.

అత్తయ్యగారి మందులు ప్రయాణం రోజులకన్నా మూడు నాలుగు రోజులకు సరిపడా ఎక్కువ, అసలు ప్యాకింగ్‌లోనే, చీటీతో సహా చేతిసంచిలో పెట్టండి.

ఈ చర్చ చదివే గర్భిణులకు ఒక మాట: ప్రయాణంలో ఏ రోజునైనా 24వ వారంలోకి అడుగుపెట్టేవాళ్ళను చాలా కంపెనీలు ఎక్కించుకోవు. పసిపిల్లలకు ఆరు నెలలు నిండాలి, దూర సముద్ర ప్రయాణాలకు ఏడాది.

#8 దిక్సూచి
కాగితాల సంగతి నేను చెప్తాను. ప్రయాణం ముగిసే తేదీ నుంచి పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువుండాలి. బుకింగ్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి.

అసలు చిక్కు వీసా దగ్గర. ఓడ ఒక దేశం వదిలి మరో దేశం తాకి మళ్ళీ మొదటి దేశానికి వస్తే అది రెండోసారి ప్రవేశం కింద లెక్క. ఉదాహరణకు గ్రీసులో ఎక్కి, టర్కీ వెళ్ళి, మళ్ళీ గ్రీసులో దిగే ప్రయాణంలో షెంగెన్ ప్రాంతం (ఒకే వీసా నడిచే యూరప్ దేశాలు) దాటి తిరిగి లోపలికి వస్తారు. షెంగెన్ వీసా అవసరమైన వాళ్ళకు సింగిల్ ఎంట్రీ సరిపోదు. ఇంకో అపోహ, "ఆ పోర్టులో మేం దిగం కాబట్టి వీసా అక్కర్లేదు" అని. కొన్ని దేశాలు ఓడలో ఉన్న ప్రతి ఒక్కరికీ అడుగుతాయి. దారిలోని ప్రతి దేశం నియమం విడివిడిగా చూడండి. వీసా లేకపోతే చెకిన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు, డబ్బు తిరిగి రాదు.

బయల్దేరడానికి కొన్ని వారాల ముందు ఆన్‌లైన్ చెకిన్ తెరుచుకుంటుంది. పాస్‌పోర్టు వివరాలు, ఫొటో, కార్డు నంబరు ఎక్కించి టెర్మినల్‌కి వచ్చే సమయం ఎంచుకోవాలి. తెరుచుకున్న రోజే చేస్తే మధ్యాహ్నం ముందు సమయాలు దొరుకుతాయి. విమానంలో వెళ్ళి ఓడ ఎక్కేవాళ్ళు ముందురోజే ఆ ఊరు చేరాలి. ఓడ బయల్దేరే సమయం, చెకిన్ మూసే సమయం ఒకటి కాదు. మూసేది గంట, గంటన్నర ముందే. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు.

#9 రేవుమాట
ఎక్కేరోజు పద్ధతి ఇది. ట్యాగులు ఇంట్లోనే ప్రింట్ తీసి పెద్ద పెట్టెలకు గట్టిగా కట్టండి. టెర్మినల్ బయట పోర్టర్లు తీసుకుంటారు. అవి మీ గది ముందుకు చేరేసరికి సాయంత్రం, ఒక్కోసారి రాత్రి భోజనం తర్వాత. పాస్‌పోర్టులు, మందులు, ఛార్జర్లు, పాప ఈత బట్టలు, రాత్రికి ఒక జత ఇవన్నీ చేతిసంచిలో ఉండాలి. పాస్‌పోర్టు పెద్ద పెట్టెలో పెట్టి పోర్టర్‌కి ఇచ్చేసి, కౌంటర్ దగ్గర గుర్తొచ్చి పరుగెత్తేవాళ్ళు ప్రతి ప్రయాణంలోనూ ఉంటారు.

గదులు మధ్యాహ్నం ఒంటిగంట, ఒంటిగంటన్నరకు గానీ తెరవరు. అప్పటిదాకా అందరూ బఫే మీద పడతారు. అదే సమయంలో ప్రధాన డైనింగ్ రూమ్ కూడా చాలా ఓడల్లో తెరిచే ఉంటుంది, రద్దీ తక్కువ. శాకాహారం, అలర్జీలు లాంటివి ఎక్కాక చెప్పడం కాదు, బుక్ చేసిన వెంటనే కంపెనీకి రాసి, మొదటి రాత్రి హెడ్ వెయిటర్‌తో మళ్ళీ నిర్ధారించుకోండి. మరుసటి రాత్రి మెనూ ముందే చూపించి వంట మార్పించే పద్ధతి చాలా ఓడల్లో ఉంది.

#10 దీపస్తంభం
అత్యవసరంలో ఏం చేయాలో నేర్పే డ్రిల్ గురించి ఎవరూ రాయలేదు. ఇది ఐచ్ఛికం కాదు. 2012 జనవరి 13న ఇటలీలోని జిల్యో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ ఓడ రాయిని ఢీకొని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజే చివిటవెక్కియా రేవులో ఎక్కినవాళ్ళకు అప్పటికి డ్రిల్ జరగలేదు, ఎందుకంటే అప్పటి నియమం ప్రకారం 24 గంటల్లోపు జరిపితే చాలు. సముద్ర ప్రయాణ భద్రతకు సంబంధించిన సోలాస్ అంతర్జాతీయ ఒప్పందాన్ని సవరించి, 2015 జనవరి 1 నుంచి ఓడ బయల్దేరే ముందు లేదా బయల్దేరిన వెంటనే జరపాలని మార్చారు.

ఇప్పుడు చాలా ఓడల్లో వీడియో ఫోనులోనో గది టీవీలోనో చూసి, తర్వాత అత్యవసరంలో మీరు చేరాల్సిన మస్టర్ స్టేషన్‌కు వెళ్ళి గది కార్డు స్కాన్ చేయించుకుంటే సరిపోతుంది. స్టేషన్ నంబరు మీ కార్డు మీదే ఉంటుంది. అత్యవసర సంకేతం ఏడు పొట్టి కూతలు, ఆ తర్వాత ఒక పొడవు కూత. అది పాపకు కూడా నేర్పండి. లైఫ్‌జాకెట్లు గదిలో ఉంటాయా, స్టేషన్‌లో ఇస్తారా అనేది ఓడను బట్టి మారుతుంది, గదిలో అయితే పిల్లల సైజు ఉందో లేదో మొదటి గంటలోనే చూసి అడగండి. అత్యవసరంలో లిఫ్టులు వాడకూడదు. అత్తయ్యగారు మెట్లు దిగలేకపోతే గెస్ట్ సర్వీసెస్‌లో ముందే నమోదు చేయిస్తే సిబ్బంది వచ్చి తీసుకెళ్తారు. స్కాన్ చేసినంత మాత్రాన సరిపెట్టుకోకుండా, గది నుంచి స్టేషన్ దాకా మెట్ల దారిలో ఒకసారి అందరూ నడవండి.

#11 కొత్తకెరటం
ఇవేవీ ఎక్కడా ఇంత వివరంగా దొరకలేదండీ. డబ్బు సంగతి, టెండర్ సంగతి ఎవరైనా చెప్తారా?

#12 లెక్కలపద్దు
టికెట్‌లో కలిసేవి: గది, ప్రధాన డైనింగ్ రూమ్, బఫే, థియేటర్ ప్రదర్శనలు, ఈతకొలను, పిల్లల క్లబ్ పగటివేళలు. మంచినీళ్ళు, మామూలు కాఫీ, టీ దాదాపు అన్నిచోట్లా ఉచితం. గది కుళాయి నీళ్ళు తాగడానికి పనికొస్తాయి.

కలవనివి: మద్యం, కూల్‌డ్రింకులు, స్పెషాలిటీ రెస్టారెంట్లు, వైఫై, స్పా, పోర్టు టూర్లు, ఫొటోలు, రాత్రి పొద్దుపోయాక పిల్లల క్లబ్. వీటన్నిటికన్నా ముఖ్యంగా గ్రాట్యుటీ, అంటే సిబ్బందికిచ్చే టిప్పు. చాలా కంపెనీలు తలకు రోజుకు ఇంత అని ఖాతాలో వాటంతటవే వేస్తాయి, పిల్లలకు కూడా. గదిలో మూడో మనిషికి టికెట్ సగమే అని సంతోషించేవాళ్ళు గ్రాట్యుటీ, పోర్టు పన్నులు పూర్తిగా పడతాయని మరిచిపోతారు. బడ్జెట్ వేసేటప్పుడు నలుగురు, ఏడు రోజులు, అంటే 28 గ్రాట్యుటీలు అని లెక్కేసుకోండి. బార్ బిల్లు మీద 18 నుంచి 20 శాతం సర్వీస్ ఛార్జ్ వేరే.

డ్రింక్స్ ప్యాకేజీ కొనేముందు రోజు ధరను ఒక్క గ్లాసు ధరతో భాగించండి. వచ్చిన సంఖ్యలో ప్రతిరోజూ, పోర్టులో గడిపే రోజు కూడా, తాగగలరా? ఒకరు కొంటే ఆ గదిలోని పెద్దవాళ్ళందరూ కొనాలనే షరతు చాలా కంపెనీల్లో ఉంది. ఇద్దరిలో ఒకరు తాగకపోతే లెక్క అక్కడే తప్పుతుంది.

ఓడలో నగదు నడవదు. ప్రతిదీ గది కార్డు మీద రాసి చివర్లో మీ క్రెడిట్ కార్డు నుంచి తీసుకుంటారు. డెబిట్ కార్డు ఇవ్వకండి. రోజువారీ ఖర్చుకు తగ్గట్టు బ్యాంకులో డబ్బు బ్లాక్ చేస్తారు, దిగాక కూడా కొన్ని రోజులు అది విడుదల కాదు. కొన్ని కంపెనీలు బిల్లును వాళ్ళ రేటుతో మీ కరెన్సీలోకి మార్చేస్తాయి, ఎక్కిన రోజే గెస్ట్ సర్వీసెస్‌లో వద్దని రాయించండి. ఖాతాను రోజూ యాప్‌లో చూడండి. ఆఖరి ఉదయం గెస్ట్ సర్వీసెస్ ముందు లైను కారిడార్ దాకా ఉంటుంది.

ఫోను ఓడ ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్. తీరం దాటాక ఓడ సొంత సెల్ టవర్ పట్టుకుంటుంది, అది మామూలు రోమింగ్ ప్యాక్‌లో రాదు. తెలియకుండా పడే బిల్లుల్లో పెద్దది ఇదే.

#13 రేవుమాట
టెండర్ అంటే, నీటిలోతు చాలకో గట్టు లేకో ఓడ దూరంగా నీళ్ళలోనే ఆగితే, చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చడం. శాంతోరిని అలాంటి చోటే. ఓడ నుంచి పడవలోకి అడుగు వేసేచోట రెండూ వేర్వేరుగా లేచి పడుతుంటాయి. సిబ్బంది చెయ్యి పట్టుకుంటారు గానీ మోకాళ్ళు సహకరించాలి. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళకు ఆ రోజు అలల్ని బట్టి కాదనవచ్చు. శాంతోరినిలో ఆ పడవ దిగాక కొండ మీద ఫీరా ఊరికి కేబుల్ కార్ లేదా దాదాపు 600 మెట్లు. సాయంత్రం కిందికి వచ్చే కేబుల్ కార్ లైను గంటకు మించవచ్చు, చివరి టెండర్ సమయానికి ఆ గంటను కలిపి లెక్కేయాలి.

గాలి ఎక్కువుంటే ముందు రద్దయ్యేది టెండర్ పోర్టే. రద్దు చేసే హక్కు కెప్టెన్‌ది, టికెట్ షరతుల్లో రాసే ఉంటుంది. తిరిగి ఇచ్చేది ఆ పోర్టు పన్ను మాత్రమే.

గట్టున్న పోర్టుల్లో మోసపోయేది దూరం దగ్గర. ప్రయాణ పట్టికలో "రోమ్" అని ఉంటుంది, ఓడ ఆగేది 70 కిలోమీటర్లకు పైగా దూరంలోని చివిటవెక్కియాలో. "పారిస్" అంటే లె ఆవ్ర్, ఒకవైపుకే సుమారు 200 కిలోమీటర్లు. పది గంటలు పోర్టులో అని ఉన్నా, దిగడానికి అనుమతి రావడానికి అరగంట, తిరిగి ఎక్కాల్సిన సమయం బయల్దేరే వేళకు అరగంట నుంచి గంట ముందు. అవి తీసేసి రానూపోనూ ప్రయాణం తీసేస్తే ఎంత మిగిలిందో చూడండి.

ఓడ వాళ్ళ టూర్ ఖరీదెక్కువే, కానీ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, ఆగలేకపోతే తర్వాతి పోర్టుకు వాళ్ళే చేరుస్తారు. సొంతంగా వెళ్తే ఆ బాధ్యత మీది. నా పద్ధతి ఇది: ఊరు రేవును ఆనుకుని ఉంటే సొంతంగా, గంటకు మించిన దూరమైతే ఓడ టూర్.

గడియారం కూడా చూసుకోండి. ఓడ సమయం, ఊరి సమయం ఒకటి కాకపోవచ్చు. ఒడ్డున ఫోను దానంతటదే మారిపోతుంది. తిరిగి ఎక్కాల్సిన సమయం ఎప్పుడూ ఓడ సమయంలోనే చెప్తారు. ఒక మామూలు చేతి గడియారం ఓడ సమయానికి పెట్టి, దాన్ని మార్చకండి. రోజువారీ కార్యక్రమ పత్రం మీద పోర్టు ఏజెంట్ నంబరు ఉంటుంది, దిగేముందు ఫొటో తీసి పెట్టుకోండి. ఓడ తప్పిపోతే ముందు ఫోన్ చేయాల్సింది అక్కడికే.

#14 తూర్పుగాలి
గదిలోకి తేకూడనివి కూడా చెప్పాలి. ఇస్త్రీ పెట్టె, కెటిల్, కొవ్వొత్తులు, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులు స్కానింగ్‌లో తీసేసుకుంటారు. ఓడ విద్యుత్ వ్యవస్థ ఇంటి వైరింగ్‌లా ఒక తీగ ఎర్త్‌కు కలిపి ఉండదు, ఆ తేడా వల్ల సర్జ్ ప్రొటెక్టర్ వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. బదులుగా నాలుగైదు పోర్టులున్న యూఎస్‌బీ ఛార్జర్ తెచ్చుకోండి. గోడలు ఉక్కువి, అయస్కాంతపు కొక్కేలు నాలుగు తెస్తే తడి బట్టలు, టోపీలు తగిలించుకోవచ్చు.

టాయిలెట్ వ్యాక్యూమ్‌తో పనిచేస్తుంది. తడి వైప్స్ ఒక్కటి వేసినా పక్క గదులకు కూడా ఆగిపోతుంది. బాల్కనీ తలుపు, గది తలుపు ఒకేసారి తెరవద్దు, గాలి ఒత్తిడికి తలుపు వేళ్ళు నలిగేంత బలంగా మూసుకుంటుంది. పాప ఉంది కాబట్టి ఇది గుర్తుంచుకోండి.

#15 కొత్తకెరటం
దిగే రోజు ఎలా ఉంటుంది? ఉదయం 11కి ఒక ఫ్లైట్, మధ్యాహ్నం 2:30కి ఒకటి ఉన్నాయి.

#16 దిక్సూచి
2:30ది తీసుకోండి. ఓడ ఉదయం ఆరుకే రేవులో ఉన్నా, అధికారుల అనుమతి వచ్చేదాకా ఎవరూ దిగరు. తర్వాత రంగు ట్యాగుల వరసలో పంపిస్తారు. పొగమంచో కస్టమ్స్ ఆలస్యమో ఎదురైతే పదింటి వరకు ఓడలోనే ఉంటారు.

ఆఖరి రాత్రి పది, పదకొండు లోపల పెద్ద పెట్టెలకు ట్యాగులు కట్టి గది బయట పెట్టాలి. ఉదయం వేసుకోవాల్సిన బట్టలు, చెప్పులు ముందు పక్కకు తీసి, ఆ తర్వాతే పెట్టె మూయండి. సేఫ్‌లో పాస్‌పోర్టులు చూసుకోండి. ఉదయం ఎనిమిదికల్లా గది ఖాళీ చేయమంటారు. పెట్టెలన్నీ మీరే మోసుకోగలిగితే అందరికన్నా ముందు దిగవచ్చు, దాన్ని సెల్ఫ్ అసిస్ట్ అంటారు. అప్పుడు లిఫ్టులు నిండిపోయి ఉంటాయి కాబట్టి అత్తయ్యగారితో అది వద్దు.

#17 లంగరు
ఒక్కటి చేర్చాలి. పూర్తి డబ్బు కట్టే గడువు చాలా కంపెనీల్లో బయల్దేరడానికి సుమారు 90 రోజుల ముందు. ఆ తేదీ దాటాక రద్దు చేస్తే కోత దశలవారీగా పెరిగి చివరికి మొత్తం పోతుంది. షెంగెన్ వీసా అవసరమైతే, దానికి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టవచ్చు. ఈ రెండు తేదీలూ పక్కపక్కన రాసుకుని, వీసా చేతికొచ్చాకే పూర్తి డబ్బు కట్టేలా చూసుకోండి.

#18 కొత్తకెరటం
ఈ రాత్రే డెక్ ప్లాన్ తెరిచి మధ్యలో కనెక్టింగ్ గదులు వెతుకుతాను. రెండు మూడు నంబర్లు ఇక్కడ పెడితే పైనా కిందా ఏముందో ఒకసారి చూసి పెడతారా?

#19 లంగరు
పెట్టండి. ఓడ పేరు కూడా రాయండి, ఒకే రకం ఓడల్లోనూ మరమ్మతుల తర్వాత డెక్‌లు మారిపోతుంటాయి.